దేశాభిమానము, దేశబాధ్యత: 1948 నాటి ఒక నివేదికయు, వికారాబాదు – తాండూరు సీమయు

దేశచరిత్రను వ్రాయువారికి 'మన' యను చిన్న మాట ఎంత ఉపకారకమో అంత ప్రమాదకరము. మన కవులు, మన కోటలు, మన వీరులు, మన త్యాగములు అని చెప్పునపుడు ఆ మాట ధారాళముగా పలుకును. అదే చరిత్రమున మనవారి చేతులమీదుగా జరిగిన అన్యాయ మొకటి యెదురైనపుడు 'మన' యనునది మాయమై, దాని స్థానమున 'కొందరు దుండగులు', 'అల్లరిమూకలు', 'నాటి ఉద్రిక్త పరిస్థితులు' అను మాటలు వచ్చి నిలుచును. వ్యాకరణ పరిభాషలో చెప్పవలెనన్న, కీర్తి ఉత్తమపురుషకును అపకీర్తి ప్రథమపురుషకును చెందుచున్నవి. ఇట్టి పురుషభేదము ఏ శాస్త్రమునను సమ్మతము కాదు. ఒక దేశము నాదని చెప్పుకొనువాడు దాని ఆస్తికి వారసుడైనట్లే అప్పునకును వారసుడు.

ఈ వ్యాసమున నేను ప్రతిపాదింపదలచిన విషయ మింతమాత్రమే. ఐతే ఇట్టి సూత్రమును గాలిలో నిలిపి చర్చించిన ప్రయోజనము లేదు. అందరును అంగీకరింతురు, ఎవరును ఆచరింపరు. కావున దీనిని ఒక సీమకును, ఒక సంవత్సరమునకును, ఒక నివేదికకును అన్వయించి చూతము. ఆ సీమ వికారాబాదు – తాండూరు ప్రాంతము. ఆ సంవత్సరము 1948. ఆ నివేదిక పండిత సుందర్‌లాల్ సంఘము సమర్పించినది.

1. సీమ

హైదరాబాదు నగరమునకు పడమట అనంతగిరి కొండలు కలవు. మూసీ నది యక్కడనే పుట్టి తూర్పునకు, నగరమువైపు ప్రవహించును. ఆ కొండల ప్రాంతమునుండియే కాగ్నా నది పడమటకు పారి, తాండూరు మీదుగా పోయి భీమానదిలో కలియును. రెండు నీళ్లును తుదకు కృష్ణలోనివే యైనను, అవి పోవు దారులు వేరు. ఈ సీమ ప్రజల రాకపోకలును అట్టివే. ఒక చూపు హైదరాబాదువైపు, మరియొక చూపు గుల్బర్గావైపు. తెలుగు, కన్నడము, ఉర్దూ అను మూడు భాషలు ఇక్కడి అంగళ్లలో కలిసి వినబడును.

వికారాబాదునకు ఆ పేరు పాయగా ప్రభువగు వికారుల్ ఉమ్రాను బట్టి వచ్చినది. నిజాముతో వియ్యమంది, సైన్యపోషణకై విస్తారమైన భూములు పొందిన గొప్ప వంశములకు పాయగా వంశములని పేరు. వికారుల్ ఉమ్రా 1893 నుండి 1901 వరకు హైదరాబాదు రాజ్యమునకు ప్రధానమంత్రి. ఫలక్‌నుమా భవనమును కట్టించినవాడు నతడే. వాడీనుండి హైదరాబాదునకు 1874లో పడిన రైలుదారి తాండూరు, వికారాబాదుల మీదుగా పోవును. బీదరు, పరళీ వైపు పోవు శాఖ వికారాబాదుననే చీలును. కావున గుల్బర్గా, బీదరు జిల్లాలకును రాజధానికిని నడుమ ఈ రెండు ఊళ్లు వాకిళ్ల వంటివి.

పరిపాలన విషయమున తాండూరు పలుమార్లు చేతులు మారినది. 1956 వరకు తాండూరు, కోడంగల్ తాలూకాలు గుల్బర్గా జిల్లాలోనివి. ఆ సంవత్సరము నవంబరు 1న రాష్ట్రముల పునర్విభజన జరిగినపుడు గుల్బర్గా జిల్లా మైసూరు రాష్ట్రమునకు పోగా, ఈ రెండు తాలూకాలు మాత్రము ఆంధ్రప్రదేశమునకు వచ్చినవి. తాండూరును హైదరాబాదు జిల్లాలోను, కోడంగల్‌ను మహబూబ్‌నగరు జిల్లాలోను కలిపిరి. 1978లో రంగారెడ్డి జిల్లా యేర్పడినపుడు తాండూరు, వికారాబాదులు దానిలో చేరినవి. 2016 అక్టోబరు 11న వికారాబాదు జిల్లా యేర్పడగా తాండూరు, కోడంగల్, వికారాబాదు ఒక్క జిల్లా గొడుగు క్రిందికి వచ్చినవి. ఈ సరిహద్దుల వరుసను ఇంత వివరముగా చెప్పుటకు కారణము మున్ముందు తేటపడగలదు.

2. ఒక తేదీ, పెక్కు పేర్లు

1948 సెప్టెంబరు 13న భారత సైన్యము హైదరాబాదు రాజ్యమున ప్రవేశించినది. 17వ తేదీ సాయంకాలమునకు నిజాము పోరు విరమించెను. మరునాడు ఆయన సేనాపతి ఎల్ ఎద్రూస్, మేజర్ జనరల్ జయంతనాథ చౌధురికి లొంగిపోయెను. సైన్యము దీనికి పెట్టుకొన్న పేరు 'ఆపరేషన్ పోలో'. ప్రజలలో నిలిచిన పేరు 'పోలీసు చర్య'. టాంకులతో, విమానములతో జరిగిన దండయాత్రకు పోలీసుల పేరు పెట్టుటలోనే, ఇది పరరాజ్యముపై యుద్ధము కాదు, ఇంటిలోని శాంతిభద్రతల విషయ మను వాదము ఇమిడియున్నది.

ఆ సెప్టెంబరు 17ను తెలంగాణమున కొందరు విమోచన దినమనిరి, కొందరు విలీన దినమనిరి, కొందరు విద్రోహ దినమనిరి. 2022లో కేంద్రప్రభుత్వము హైదరాబాదు విమోచన దినముగను, నాటి రాష్ట్రప్రభుత్వము జాతీయ సమైక్యతా దినముగను ఒకే నగరమున వేర్వేరుగా ఉత్సవములు జరిపినవి. 2024లో రాష్ట్రప్రభుత్వము దానినే ప్రజాపాలనా దినోత్సవ మన్నది. మహారాష్ట్రమున అది మరాఠ్వాడా ముక్తి సంగ్రామ దినము. కర్ణాటకమున విమోచన దినముగా జరుగుచుండి, 2019లో కల్యాణ కర్ణాటక ఉత్సవమైనది.

పేర్లయందు ఇంత వివాదమున్నను, వీని యన్నింటియందును ఒక సామ్యము కలదు. ప్రతి పేరును ఆ దినమున ఎవరు గెలిచిరి, ఎవరికి గెలిచిన కీర్తి చెందవలెను అను ప్రశ్నకే సమాధానము చెప్పుచున్నది. 18వ తేదీనుండి యేమి జరిగెనను ప్రశ్న ఏ పేరునందును లేదు.

3. 17వ తేదీకి ముందు

న్యాయదృష్టితో చూచువారు ముందు జరిగినదానిని దాచరాదు. నిజాము పాలనలో వెట్టిచాకిరి, జాగీర్దారుల దోపిడి, మాతృభాషల యణచివేత యుండినవి. 1921లో హైదరాబాదున జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగున మాటాడబోగా సభికులు హేళన చేసిరి. ఆ యవమానమునుండి ఆంధ్రజనసంఘము పుట్టినది. తెలంగాణమున కవులే లేరను ఆక్షేపణకు సమాధానముగా సురవరము ప్రతాపరెడ్డిగారు 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించి 354 మంది కవులను పేరుపేరున చూపిరి. అభిమానమునకు సత్ఫలితము కూడ కలదనుటకు ఇది నిదర్శనము. గాయపడిన అభిమానము వారిని గర్జించుటకు కాక, వెదకుటకును, లెక్కించుటకును, ఆధారములు చూపుటకును పురికొల్పినది.

కాసిం రజ్వీ నాయకత్వమున రజాకార్లు 1947, 1948 సంవత్సరములలో చేసిన హత్యలు, దోపిడులు, గ్రామదహనములు తెలంగాణ చరిత్రమున చెరగని గాయములు. 1948 ఆగస్టులో బైరానుపల్లి గ్రామమున జరిగిన మారణకాండను ఎవరును మరువజాలరు. దానిని తక్కువచేసి చెప్పుట ఈ వ్యాసోద్దేశము కాదు. ఐతే ఆ కాలముననే, ఆ పక్షముననే పుట్టి, ఆ పక్షము తప్పును ఎత్తిచూపినవారున్నారు. 'ఇమ్రోజ్' అను ఉర్దూ దినపత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్ రజాకార్ల దుండగములను ఖండించి, భారతదేశమున విలీనమే మేలని వ్రాసినందుకు 1948 ఆగస్టులో హైదరాబాదు వీథిలో హత్యకు గురియయ్యెను. ఫరీద్ మీర్జా అను రెవెన్యూ ఉద్యోగి రజాకార్ల చేతలను సహింపజాలక తన యుద్యోగమునకు రాజీనామా చేసెను. ఆయన తన యనుభవములను 1976లో గ్రంథముగా ప్రకటించెను. వీరిని మనము నేడు గౌరవముతో స్మరించుచున్నాము. ఎందుచేత? వారు తమ రాజ్యము, తమ మతము, తమ వర్గము అను మూడు అభిమానములను దాటి న్యాయమును పలికిరి గనుక. ఇది సరియైన కొలబద్ద. ఇకమీద ఇదే కొలబద్దను మనవైపునకు త్రిప్పవలసియున్నది.

4. సుందర్‌లాల్ నివేదిక

సైనికచర్య జరిగిన కొద్ది వారములలోనే హైదరాబాదు రాజ్యపు పడమటి జిల్లాలలో ముస్లిములపై జరుగుచున్న ఊచకోతను గూర్చిన వార్తలు ఢిల్లీకి చేరినవి. ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ ఒక సౌమనస్య సంఘమును పంపెను. దానికి నాయకుడు పండిత సుందర్‌లాల్. సభ్యులు 'పయాం' పత్రిక సంపాదకుడుగా పేరొందిన కాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ. 1948 నవంబరు 29 నుండి డిసెంబరు 21 వరకు ఆ సంఘము రాజ్యమునందలి 16 జిల్లాలలో 9 జిల్లాలు తిరిగినది. 109 గ్రామములకు చెందిన 500 మందికి పైగా జనులను విచారించినది.

సంఘము తేల్చిన యంచనా యిది. సైనికచర్య సమయమునను, దాని తరువాతను మృతులైనవారు తక్కువలో తక్కువ 27,000 నుండి 40,000 వరకు. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు అను నాలుగు జిల్లాలు అందరికంటె హెచ్చుగా దెబ్బతిన్నవి. ఈ నాలుగింట మృతులు 18,000కు తక్కువ కారు. పిమ్మటి నాలుగు జిల్లాలు ఔరంగాబాదు, బీడ్, నల్లగొండ, మెదకు. హత్యలతోపాటు దోపిడి, ఇండ్ల దహనము, స్త్రీల యపహరణము, మసీదుల ధ్వంసము, బలవంతపు మతమార్పిడులు నివేదికలో చెప్పబడినవి. కొన్ని చోట్ల సైనికులును స్థానిక పోలీసులును దోపిడిలోను ఇతర నేరములలోను పాల్గొనిరని సంఘము స్పష్టముగా వ్రాసినది. ముస్లిములను కాపాడిన హిందువులను గూర్చియు అంతే స్పష్టముగా వ్రాసినది. సాటి నేతపనివారలగు ముస్లిములను కాపాడుటకై హిందూ నేతపనివారు తమ ప్రాణములనే యొడ్డిన సందర్భములు అందున్నవి.

ఈ అంచనాను అందరు నంగీకరింపలేదు. ఇంతకంటె మిక్కిలి హెచ్చు చెప్పినవారు కలరు, తక్కువ చెప్పినవారును కలరు. హోంమంత్రి సర్దారు పటేలు ఈ సంఘము పనినే ఆక్షేపించెను. నివేదికను ప్రభుత్వము ప్రకటింపలేదు. విల్‌ఫ్రెడ్ కాంట్వెల్ స్మిత్ 1950లోనే ఒక విదేశ పత్రికలో ఈ విషాదమును గూర్చి వ్యాసము వ్రాసెను గాని, మన దేశమున అది కొద్దిమందికే తెలిసినది. 1988లో ఒమర్ ఖాలిదీ కూర్చిన గ్రంథమున నివేదిక భాగములు వెలువడినవి. 2013లో ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయమున పరిశోధకులకు అది అందుబాటునకు వచ్చినది. ఆ సంవత్సరమే ఏ.జీ. నూరానీ హైదరాబాదు పతనమును గూర్చిన తన గ్రంథమున దానిని చర్చించెను. అనగా ఒక తరము పుట్టి పెరిగి వృద్ధి పొందువరకు ఆ కాగితములు బీరువాలో నుండినవి.

ఇక్కడ గమనింపదగిన విశేష మొకటి కలదు. ఈ సుందర్‌లాలే 1929లో బ్రిటిషు పాలనా దుష్కృత్యములను వివరించుచు 'భారత్ మేఁ అంగ్రేజీ రాజ్' అను హిందీ గ్రంథమును ప్రకటించినవాడు. వెలువడిన వెంటనే ఆంగ్లప్రభుత్వము దానిని నిషేధించినది. పరపాలకుల యపరాధములను వ్రాసిన చేతితోనే, ఇరువది యేండ్లు నిండకముందే, స్వతంత్రదేశపు అపరాధములను ఆయన వ్రాసెను. మొదటి రచన నిషేధింపబడినది, రెండవది దాచబడినది. మొదటిదానికి ఆయనను దేశభక్తుడన్నవారు, రెండవదాని విషయమున మౌనము వహించిరి. నా దృష్టిలో రెండును ఒక్క దేశభక్తి చేసిన పనులే. రెండవదానికి హెచ్చు ధైర్యము కావలెను. శత్రువును నిందించునపుడు వెనుక జనసమూహము నిలుచును; స్వజనులను ప్రశ్నించునపుడు వెనుక ఎవరును నిలువరు.

5. సరిహద్దు నేర్పిన మరుపు

ఇక మొదట చెప్పిన సరిహద్దుల కథకు వత్తము. ఉస్మానాబాదు, నాందేడు, గుల్బర్గా, బీదరు అను పేర్లు వినగానే తెలుగు చదువరికి అవి పరాయి రాష్ట్రపు ఊళ్లుగా తోచును. 1956 తరువాత మొదటి రెండును బొంబాయి రాష్ట్రమునకు పోయి, పిమ్మట మహారాష్ట్రమున నిలిచినవి. తక్కిన రెండును మైసూరు రాష్ట్రమున చేరినవి. కావున 'అది మరాఠ్వాడా విషయము, అది కన్నడసీమ విషయము, మన తెలంగాణమున అట్టిది లేదు' అని చెప్పుట మన చరిత్రకారులకు సులభమైనది.

ఐతే 1948 నాటి గుల్బర్గా జిల్లా నేటి పటములోని కలబురగి జిల్లా కాదు. 1956లో ఆ జిల్లానుండి తెగి తాండూరు, కోడంగల్ మనవైపునకు వచ్చినవి. అట్లే బీదరు జిల్లానుండి జహీరాబాదు, నారాయణఖేడు ప్రాంతములును, నాందేడు జిల్లానుండి ముధోలు, బిచ్కుంద, జుక్కల్ ప్రాంతములును వచ్చినవి. నివేదిక 'మిక్కిలి దెబ్బతిన్న' వని చెప్పిన నాలుగు జిల్లాలలో మూడింటి తునకలు నేడు తెలంగాణములో నున్నవి. భూమి వచ్చినపుడు భూమిశిస్తు వచ్చినది. సున్నపురాతి గనులు వచ్చినవి. కందిచేలు వచ్చినవి. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించినపుడు అందరమును సంతోషించితిమి. అది మనదే యనుకొంటిమి. పంట మనదైనపుడు ఆ నేల జ్ఞాపకములు మాత్రము గుల్బర్గా కచేరీలో విడిచి వచ్చితిమనుట న్యాయమా?

జిల్లా మొత్తమునకు చెప్పిన యంచనాను ఒక తాలూకాకు పంచుట శాస్త్రీయము కాదు. ఫలానా గ్రామమున ఇంతమంది అని ఊహించుట అంతకంటెను తగదు. నేను చెప్పునది వేరు. ఇక్కడ ఏమి జరిగినదో, ఏమి జరుగలేదో విచారించుట మన పని. మరియొక రాష్ట్రమువారి పని కాదు. ఏ గ్రామమున హత్యలు జరిగినవో తెలిసికొనుట యెంత ముఖ్యమో, ఏ గ్రామమున నేతపనివారివలె ఇరుగుపొరుగులు అడ్డుపడి ప్రాణములు నిలిపిరో తెలిసికొనుటయు అంత ముఖ్యము. విచారింపక మిన్నకున్నచో ఆ రెండవ రకము మనుష్యులకును మనము అన్యాయము చేసినవార మగుదుము. మరుపు నేరస్థుని దాచునట్లే సజ్జనునికూడ దాచును.

తెలుగు జిల్లాలలో కమ్యూనిస్టుల సంఘములు బలముగా నున్న చోట్ల మతకలహములు తక్కువగా నుండెనని పుచ్చలపల్లి సుందరయ్యగారు తమ తెలంగాణ పోరాట గ్రంథమున వ్రాసిరి. హిందూ, ముస్లిము రైతుకూలీలు ఒక్క సంఘమున నుండి పోరాడిన చోట్ల ఇది సంభావ్యమే. అది గర్వింపదగిన విషయమే. ఐనను సుందర్‌లాల్ నివేదిక రెండవ వరుసలో నల్లగొండ, మెదకు జిల్లాలను పేర్కొన్నదని మరువరాదు. గర్వింపదగిన సత్యమొకటి దొరికినంతమాత్రమున అది తక్కిన సత్యములకు తలుపు మూయరాదు.

6. మూడు ఆక్షేపణలు

ఇట్టి విచారణకు సామాన్యముగా మూడు ఆక్షేపణలు వినవచ్చును.

మొదటిది: 'ఇది రజాకార్ల దుండగములకు ప్రతిక్రియ. క్రియ లేనిదే ప్రతిక్రియ లేదు.' ఈ వాదమున కారణము చెప్పుటకును, సమర్థించుటకును గల భేదము చెరిపివేయబడినది. రజాకారు చేసిన హత్యకు రజాకారు శిక్షార్హుడు. అతని మతమున పుట్టిన నేతపనివాడు, రైతు, వారి పిల్లలు ఏల శిక్షార్హులగుదురు? పైగా ప్రతిక్రియ అనివార్యమేయైనచో, సాటివారిని కాపాడి తాము నష్టపడిన హిందువులు ఎక్కడినుండి వచ్చిరి? వారి ఉనికియే ఈ వాదమునకు ఖండనము. ఇంకొక విశేషము. ఈ రాజ్యమునకంతకును అధిపతియైన నిజాము 1950 నుండి 1956 వరకు రాజప్రముఖ పదవిని అలంకరించియుండెను. రాజుతో రాజీ కుదిరినది. రాజు చేసినదానికి మూల్యము చెల్లించినవారు అతని మతమున పుట్టిన పేదలు.

రెండవది: 'చేసినవారు బయటివారు.' సరిహద్దుకు ఆవలినుండి సాయుధులైన ముఠాలు వచ్చిన మాట నివేదికలో కలదు. కాని అవి స్థానికులకు తోడ్పడినవని నివేదిక చెప్పుచున్నది. తోడు వచ్చినవారుండిరనగా, తోడు పొందినవారును ఉండిరని యర్థము.

మూడవది: 'పాత గాయములను రేపిన శాంతి చెడును.' ఈ మాటను సద్బుద్ధితో చెప్పువారును కలరు. వారికి తగిన సమాధానము చెప్పవలెను. ఏటేట సెప్టెంబరు 17న సభలలో, ఉపన్యాసములలో, చలనచిత్రములలో రజాకార్ల దుండగములు స్మరింపబడుచునే యున్నవి. అనగా గాయమును రేపరాదను నియమము ఒక పక్షమునకే వర్తించుచున్నది. ఒకరి దుఃఖము ప్రభుత్వోత్సవమైనపుడు, మరియొకరి దుఃఖము రహస్యపత్రమైనపుడు, అది శాంతి యనిపించుకొనదు. సగము చెప్పిన చరిత్రము అసత్యముకంటె ప్రమాదకరము. దానిలోని ప్రతి వాక్యమును నిజమే గనుక ఖండింప వీలుపడదు.

7. అపరాధము వేరు, బాధ్యత వేరు

'అప్పటికి మేము పుట్టనైన లేదు, మాకేమి బాధ్యత?' అను ప్రశ్నకు సమాధానము చెప్పక ఈ చర్చ ముగియదు. ఈ ప్రశ్నను మనకంటె తీవ్రముగా ఎదుర్కొన్న దేశము జర్మనీ. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన వెంటనే తత్త్వవేత్త కార్ల్ యాస్పర్స్ విశ్వవిద్యాలయమున ఉపన్యాసములిచ్చి, 1946లో అపరాధ ప్రశ్నను గూర్చిన గ్రంథముగా ప్రకటించెను. ఆయన హిట్లరు ప్రభుత్వముచేత ఆచార్యపదవినుండి తొలగింపబడినవాడు. స్వయముగా ఏ నేరమును చేయనివాడు. ఆయన అపరాధమును నాలుగు విధములుగా విభజించెను. చట్టమును మీరిన నేరము, అది చేసినవానిదే. తన రాజ్యము చేసిన పనికి పౌరుడు వహింపవలసిన రాజకీయ బాధ్యత, అది పౌరులందరిది. తన యంతరాత్మకు చెప్పుకొనవలసిన నైతికాపరాధము. సాటి మనుష్యుడు చచ్చుచుండగా తాను బ్రతికియుండుటవలన కలుగు తాత్త్వికాపరాధము.

ఈ విభాగము మనకు మిక్కిలి ఉపకరించును. 1948 నాటి హత్యలకు నేటి హిందువులు నేరస్థులనుట అన్యాయము. అది రజాకార్ల నేరమునకు నేతపనివానిని శిక్షించుట వంటిదే. ఐతే ఆ నివేదికను దాచినది మన ప్రభుత్వము. మన పాఠ్యపుస్తకములు దానిని విడిచినవి. ఇది జరిగిపోయిన పని కాదు; జరుగుచున్న పని. దీనికి బాధ్యత నేటి పౌరులది, నేటి ఆచార్యులది, నేటి పరిశోధక విద్యార్థులది. 1970 డిసెంబరు 7న వార్సా నగరమున యూదుల స్మారకచిహ్నము ముందు మోకరిల్లిన విల్లీ బ్రాంట్ హిట్లరునకు విరోధియై దేశము విడిచిపోయినవాడు. నేరము చేయనివాడే దేశము తరఫున తల వంచెను. దానివలన జర్మనీ గౌరవము తగ్గలేదు.

దీనికై పరదేశములవైపే చూడనక్కరలేదు. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరాలో జనసమూహము ఇరువది మందికి పైగా పోలీసులను సజీవదహనము చేసినపుడు, గాంధీజీ దేశవ్యాప్తమైన ఉద్యమమునే నిలిపివేసి ఉపవాసము చేసెను. ఆ నిర్ణయము సరియా కాదా యను వివాదము నేటికిని కలదు. ఐనను తనవారు చేసిన తప్పునకు 'కొందరు దుండగులు' అను మాట చాటున ఆయన దాగలేదు. గురజాడ అప్పారావుగారు 1910లో రచించిన దేశభక్తి గీతమున దేశమును మనుష్యులతో నిర్వచించిరి గదా. ఆ నిర్వచనమును నిజముగా అంగీకరించినచో, 1948లో ఆ పడమటి గ్రామములలో చచ్చిన ప్రతి మనుష్యునితో దేశములో కొంత భాగము చచ్చినదని ఒప్పుకొనవలెను.

8. తెలుగు శాఖల పని

ఇది చరిత్రశాఖవారి విషయము గదా, తెలుగు శాఖ పత్రికలో ఏల యను ప్రశ్న రావచ్చును. తెలంగాణ పోరాటము తెలుగు సాహిత్యమునకు గొప్ప పంట నిచ్చినది. దాశరథి 'అగ్నిధార', వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి', దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు' మొదలగు రచనలపై పరిశోధనలు పెక్కు జరిగినవి. పోలీసు చర్య తరువాతి ముస్లిము అనుభవము ఆ కాలపు తెలుగు రచనలలో మిక్కిలి తక్కువ. దానిని వెదకవలసినది ఎక్కువగా ఉర్దూలోనే. జీలానీ బానో 'ఐవాన్-ఎ-గజల్' నవలవంటివి అందుకు సాక్ష్యములు. తెలుగున ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' 1991లో వెలువడినపుడు, దేశభక్తిని ఎల్లప్పుడు ఋజువు చేసికొనవలసివచ్చిన పౌరుని వేదన మొదటిసారిగా అంత సూటిగా వినవచ్చినది. పిమ్మట 1998లో 'జల్‌జలా' కవితాసంకలనము, 2004లో 'వతన్' కథాసంకలనము వచ్చినవి. నలువది యేండ్ల మౌనము ఏల కలిగెనను ప్రశ్న సాహిత్యచరిత్ర ప్రశ్నయే. ఒక భాష ఏమి చెప్పినదో లెక్కించునట్లే ఏమి చెప్పలేదో కూడ లెక్కింపవలెను.

తాండూరు – వికారాబాదు సీమ ఈ పనికి అనువైన క్షేత్రము. 1948లో పదునైదేండ్ల వయసున్నవారు నేడు తొంబది దాటినవారు. వారి మాటలను నమోదు చేయుటకు మిగిలిన కాలము బహు స్వల్పము. వారి పిల్లలు విన్న కథలుకూడ సేకరింపదగినవే. ఐతే ప్రత్యక్షసాక్ష్యమును విన్నమాటను వేర్వేరుగా గుర్తింపవలెను. గ్రామముల రెవెన్యూ దస్తరములలో 1948కి ముందును, పిమ్మటను పట్టాదారుల పేర్లు పోల్చి చూడవలెను. 1941, 1951 జనాభా లెక్కలను సరిహద్దుల మార్పును గుర్తుంచుకొని పరిశీలింపవలెను. విడువబడిన మసీదులు, శ్మశానములు, మారిన వీథుల పేర్లు లిఖింపవలెను. వీనికి ఉర్దూ, కన్నడ భాషల పరిచయము తప్పనిసరి. నిజాము కాలమున తెలుగును చిన్నచూపు చూచిరని ఆక్షేపించిన మనము, ఉర్దూ చదువలేని కారణమున పొరుగువాని దుఃఖమును చదువలేని స్థితికి వచ్చుట విపరీతము.

సేకరించునపుడు ఒక నియమము పాటింపవలెను. రజాకార్ల చేతిలో నష్టపోయిన కుటుంబమును విచారించిన పరిశోధకుడే, పోలీసు చర్య తరువాత నష్టపోయిన కుటుంబమునుకూడ విచారింపవలెను. రెండు దస్తరములు, రెండు వర్గముల పరిశోధకులు అను పద్ధతి చరిత్రను రెండు శిబిరములుగా చేయును. బ్రతికియున్నవారి పేర్లు, నిందితుల వారసుల పేర్లు బయటపెట్టరాదు. ఉద్దేశము తీర్పు చెప్పుట కాదు, తెలిసికొనుట.

సురవరము ప్రతాపరెడ్డిగారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' 1949లో, ఈ సంఘటనలకు మరుసటి యేట, వెలువడినది. 1955లో తెలుగున మొట్టమొదటి సాహిత్య అకాడెమీ బహుమానము దానికే లభించినది. రాజుల విజయములను ప్రక్కకు నెట్టి, జనుల ఆచారములను, వ్యసనములను, మూఢవిశ్వాసములనుకూడ దాపరికము లేక వ్రాసిన గ్రంథమది. గోలకొండ కవుల సంచికను కూర్చిన అభిమానియే ఆంధ్రుల లోపములనుకూడ లిఖించెను. ఆయనయం దీ రెండు పనులకును వైరుధ్యము కనబడదు. తనవారిని ప్రేమించువానికే తనవారిని గూర్చి నిజము చెప్పు నధికారము కలదు. ఆ యధికారమును వినియోగింపనివాని ప్రేమ సగమే. 354 మంది కవులను పేరుపేరున వెదకి తెచ్చిన ఓపికతోనే, పేరు లేక పోయిన పడమటి గ్రామములవారిని వెదకుటకు మనము పూనుకొనవలెను.